ఏజెంటు సంతకం

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత చలిలో, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. చాలా సంతోషం.

ఈ ప్రసంగం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్తాను. రెండేళ్ళ కిందట మా చెల్లెలు కెనడా పౌరసత్వ ప్రమాణం చేసింది. వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి, జడ్జిగారు చెప్పిన మాటలు ఒక్కొక్కటే పలికింది. అందులో ఒక వాక్యం ఉంది. ఫస్ట్ నేషన్స్, ఇనుయిట్, మేటీ ప్రజల ఆదివాసీ హక్కుల్ని, ఒప్పంద హక్కుల్ని గుర్తించే రాజ్యాంగంతో సహా ఈ దేశ చట్టాల్ని నిష్ఠగా పాటిస్తాను అని. ఫస్ట్ నేషన్స్ అంటే ఇక్కడి మూలవాసి జాతులు, ఇనుయిట్ అంటే ఉత్తరాది మంచు ప్రాంతాల ఆదివాసులు, మేటీ అంటే ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసిన జనం. ఆ వాక్యం 2021 జూన్‌లో చేరింది. అంతకుముందు ప్రమాణం చేసిన నాలాంటి వాళ్ళు ఆ మాట అనలేదు. స్క్రీన్ ఆపేసి, కళ్ళు తుడుచుకుని, కేసరి గిన్నె మూత తీస్తూ అడిగింది: "అన్నయ్యా, ఆ హక్కులేమిటో తెలియకుండానే ఒట్టేశాను కదా. ఇంతకీ ఏమిటవి?"

నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇరవయ్యేళ్ళుగా ఈ మానిటోబా రాష్ట్రంలో, విన్నిపెగ్‌లో ఉంటున్నాను. ఈ నేల ట్రీటీ 1 నేల అని ప్రతి మీటింగులో వింటూనే ఉన్నాను. ఇక్కడి ఫస్ట్ నేషన్స్‌కీ బ్రిటిష్ రాజరికానికీ మధ్య ఆ ఒప్పందం 1871లో, ఇక్కడికి దగ్గర్లోనే, లోయర్ ఫోర్ట్ గ్యారీలో జరిగింది. అయినా నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. పార్లమెంటు కమిటీల రిపోర్టులు చదివాను, మ్యూజియానికి వెళ్ళాను, పెద్దవాళ్ళని అడిగాను. మా చెల్లెలు అదిగో, మూడో వరసలో కూర్చుంది. ఇవాళ నేను మాట్లాడేది ముందుగా తనకి జవాబు.

ఒక మాట తేల్చుకుని ముందుకు వెళ్దాం. ఇక్కడ "ఇండియన్ యాక్ట్" అని ఒక చట్టం ఉంది. 1876 నాటిది. ఎన్నో సవరణలు జరిగాయి గానీ ఇవాళ్టికీ అమల్లోనే ఉంది. ఆ పేరులోని ఇండియన్ మనం కాదు. ఎవరో నావికుడు దారి తప్పి వచ్చి పెట్టిన పేరు వీళ్ళ మెడకి చట్టంగా చుట్టుకుంది. ఆ చట్టం ప్రకారం ఎవరు ఇండియనో ప్రభుత్వమే తేలుస్తుంది. ఊరి పెద్దల్ని ఎలా ఎన్నుకోవాలో కూడా అదే చెప్తుంది. అంతకుముందు వీళ్ళకి సభలు లేక కాదు, నాయకులు లేక కాదు. ఉన్నవాటిని పక్కకి నెట్టి బ్యాండ్ కౌన్సిల్ అని, అంటే ఒక్కో ఊరి జనానికి పాలక మండలిలాంటిది, ఒకటి పెట్టారు. దాని మీద ఇండియన్ ఏజెంటు అని ఒక ఉద్యోగిని కూర్చోబెట్టారు. ఈ ఏజెంటుని గుర్తుపెట్టుకోండి. ఇవాళ నా కథంతా ఆయన సంతకం చుట్టూ తిరుగుతుంది.

మా తాతయ్య గురించి కొంచెం చెప్పాలి. అమ్మ వాళ్ళ నాన్న. తాడేపల్లిగూడెం దగ్గర మాది. ఆ చుట్టుపక్కలే మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటేనే జనం గుర్తుపడతారు, అంతమంది పట్టాళంలోకి వెళ్ళిన ఊరు. మా తాతయ్య మద్రాసు సాపర్స్‌లో పదిహేడేళ్ళు చేశారు. నా చిన్నప్పుడు ఆయన పింఛను మనియార్డరులో వచ్చేది. పోస్ట్‌మాన్ సైకిల్ వేపచెట్టుకి ఆనించి "సుబేదారుగారూ" అని కేకేసేవాడు. తాతయ్య సుబేదారు కాదు, హవల్దారు. అయినా ఆ పిలుపుకి ఆయన అడ్డు చెప్పేవారు కాదు. కళ్ళజోడు పెట్టుకుని, కూపను మీద పొడిపొడిగా సంతకం చేసి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవారు. ఆ డబ్బుతో గేదె దాణా కొంటారో, నాకు పలక కొంటారో, చుట్టలు కొంటారో ఆయన ఇష్టం. కరణంగారిని అడగక్కర్లేదు, తహశీల్దారుని అడగక్కర్లేదు. ఆ సంతకం ఆయనది, ఆ జేబు ఆయనది.

ఇది ఎంత పెద్ద విషయమో నాకు ఇక్కడికి వచ్చాక, సార్జెంట్ టామీ ప్రిన్స్ కథ చదివాక తెలిసింది.

టామీ ప్రిన్స్ మన విన్నిపెగ్‌కి ఉత్తరాన ఉన్న బ్రోకెన్‌హెడ్ ఓజిబ్వే నేషన్ మనిషి. 1915లో పుట్టాడు. పెగ్విస్ అనే పాత నాయకుడి వంశం. ఎల్క్‌హార్న్‌లోని రెసిడెన్షియల్ స్కూల్లో చదివాడు. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయి, వాళ్ళ భాష మానిపించిన బడులవి. 1940లో సైన్యంలో చేరాడు. తర్వాత కెనడా, అమెరికా కలిపి తయారుచేసిన ఫస్ట్ స్పెషల్ సర్వీస్ ఫోర్స్‌లోకి వెళ్ళాడు. జర్మన్లు వాళ్ళని "దయ్యాల దళం" అనుకునేవాళ్ళట.

1944 ఫిబ్రవరిలో ఇటలీలో, లిట్టోరియా దగ్గర జరిగింది ఇది. పొలాల మధ్య ఎవరూ లేని ఒక రైతు ఇల్లు. జర్మన్ల తుపాకులకి అక్కడి నుంచి రాయి విసిరేంత దూరం. ప్రిన్స్ ఒక్కడే ఆ ఇంట్లో దాక్కున్నాడు. తన సైన్యం దాకా దాదాపు 1,400 మీటర్ల టెలిఫోను తీగ పరుచుకున్నాడు. శత్రువు ఫిరంగులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి ఫోన్లో చెప్తున్నాడు. ఇంతలో గుళ్ళు పడి తీగ తెగింది, ఫోను మూగబోయింది. మనమైతే ఏం చేసేవాళ్ళం? ఆయన ఆ ఇంట్లో రైతు వదిలేసిన బట్టలు వెతికి తొడుక్కున్నాడు. ఒక పార భుజాన వేసుకుని పట్టపగలు, జర్మన్లు చూస్తుండగా పొలంలోకి నడిచాడు. చేను బాగుచేసుకుంటున్న రైతులా మెల్లగా తీగ వెంటే నడుస్తూ వెళ్ళాడు. తెగిన చోటికి వచ్చాక బూటు లేసు ఊడిందన్నట్టు వంగి, రెండు కొసలూ కలిపి ముడేశాడు. లేచి, రెండు వైపుల సైన్యాల్నీ తిడుతున్నట్టు పిడికిలి ఊపి, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి ఫోను అందుకున్నాడు. దానికే మిలటరీ మెడల్ వచ్చింది. దక్షిణ ఫ్రాన్స్‌లో చేసిన ఇంకో సాహసానికి అమెరికా వాళ్ళ సిల్వర్ స్టార్ వచ్చింది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరో జార్జి రాజు స్వయంగా ఆయనకి పతకాలు తగిలించాడు.

పిల్లలూ, ఈ బూటు లేసు సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. బళ్ళో చెప్పరేమో, మీరే టీచరుకి చెప్పండి.

యుద్ధం అయిపోయి ఊరికొచ్చాడు. విన్నిపెగ్‌లో ఒక ట్రక్కు కొని క్లీనింగ్ వ్యాపారం పెట్టాడు. బాగానే నడిచింది. 1946 చివర్లో మానిటోబా ఇండియన్ అసోసియేషన్ వాళ్ళు ఆయన్ని తమ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. సరిగ్గా అప్పుడే రాజధాని ఆటవాలో పార్లమెంటు ఉభయసభల ప్రత్యేక కమిటీ ఒకటి ఇండియన్ యాక్ట్‌ని పరిశీలిస్తోంది. 1946 నుంచి 1948 దాకా అది పనిచేసింది. అసలు ఆ కమిటీ ఎందుకు పుట్టింది? యుద్ధంలో మూడు వేలకి పైగా ఫస్ట్ నేషన్స్ వాళ్ళు సైన్యంలో పనిచేశారు. స్వేచ్ఛ కోసం పోరాడామని చెప్పుకునే దేశానికి ఇంట్లో ఇలాంటి చట్టం ఉండటం తెల్ల జనానికి కూడా సిగ్గనిపించింది. మాజీ సైనికుల సంఘాలు, చర్చిలు ఒత్తిడి తెచ్చాయి. అంటే ఆ కమిటీకి తలుపు తీసింది సైనికులే.

ప్రిన్స్ వ్యాపారాన్ని స్నేహితుల చేతుల్లో పెట్టి ఆటవా వెళ్ళాడు. 1947లో కమిటీ ముందు కూర్చున్నాడు. చట్టానికి మాసికలు వెయ్యడం కాదు, దాన్ని తీసేసి ఒప్పందాల్ని గౌరవించండి అన్నది ఆయన బృందం వాదన. చివరికి 1951లో చట్టం తీసెయ్యలేదు, సవరించారు. పొట్లాచ్ లాంటి పండుగల మీదున్న నిషేధం పోయింది. భూమి హక్కుల కోసం లాయరుని పెట్టుకోవడానికి చందాలు పోగుచెయ్యడం నేరం అని 1927 నుంచి ఒక సెక్షన్ ఉండేది, అదీ పోయింది. ఇంకోసారి వినండి, మీ భూమి మీకు ఇప్పించమని అడగడానికి లాయరు ఫీజు పోగుచేస్తే నేరం. ఇరవై నాలుగేళ్ళు ఆ సెక్షన్ పుస్తకంలో ఉంది. కానీ ఆదివాసీ వ్యవహారాల శాఖ చేతిలోని పెత్తనం మాత్రం అలాగే మిగిలింది.

ప్రిన్స్ తిరిగొచ్చేసరికి ట్రక్కు యాక్సిడెంటై ఇనుప సామాన్ల వాడికి పోయింది. వ్యాపారం పోయింది. కలప డిపోల్లో, సిమెంటు పనుల్లో కూలికి పోయాడు. 1950లో కొరియా యుద్ధం వస్తే మళ్ళీ పేరిచ్చి, రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మోకాళ్ళు పోయాయి. ఆఖరి రోజుల్లో పేదరికంలో పతకాలు కూడా అమ్ముకున్నాడు. 1977లో ఇక్కడే డీర్ లాడ్జ్ ఆస్పత్రిలో పోయాడు. 62 ఏళ్ళు. 2001లో ఆ పతకాలు వేలానికి వస్తే బంధువులు, అభిమానులు డబ్బు కూడబెట్టి కొని మానిటోబా మ్యూజియంలో పెట్టారు. వెళ్ళి చూడండి.

పతకాలు అమ్ముకునే స్థితి ఎందుకొచ్చింది? తాగుడు వల్ల అని ఎవరైనా టక్కున చెప్పేస్తారు. నాకు ఆ జవాబు ఒప్పుకోబుద్ధి కాదు. లెక్క చూద్దాం రండి.

రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన సైనికుల కోసం కెనడా చాలా మంచి ఏర్పాట్లు చేసింది. చదువుకుంటే ఫీజు, వ్యాపారం పెడితే సాయం, భూమి కొంటే అప్పు. వెటరన్స్ ల్యాండ్ యాక్ట్, 1942 నాటిది. మామూలు సైనికుడికి దాని కింద 6,000 డాలర్ల దాకా తక్కువ వడ్డీకి అప్పు. సరిగ్గా సాగుచేసుకుంటే అందులో 2,320 డాలర్ల వరకూ మాఫీ. ఎంతోమంది తెల్ల కుటుంబాలు ఈ చట్టంతోనే నిలదొక్కుకున్నాయి.

రిజర్వులో, అంటే ఫస్ట్ నేషన్స్ వాళ్ళ కోసం కేటాయించిన నేల మీద, ఉండే ఆదివాసీ సైనికుడి సంగతికొద్దాం. రిజర్వు భూమి రాజరికం పేరున ఉంటుంది. మన దగ్గర అసైన్డ్ భూమి మీద బ్యాంకు అప్పివ్వదు చూడండి, అలాగే దాన్ని తాకట్టు పెట్టుకోవడానికి వీల్లేదు. కాబట్టి అప్పు లేదు. దానికి బదులు 2,320 డాలర్ల దాకా గ్రాంటు అన్నారు. మొత్తం మూడో వంతుకి కొంచెం ఎక్కువ. సరే, ఆ గ్రాంటైనా చేతికిచ్చారా అంటే అదీ లేదు. డబ్బు ఇండియన్ వ్యవహారాల శాఖకి వెళ్తుంది. మీకు నాగలి కావాలో, గుర్రం కావాలో, ఇంటికి కలప కావాలో ఏజెంటు చూసి, అవసరమనిపిస్తే సంతకం చేసి, తానే కొని ఇప్పిస్తాడు. ఇటలీలో ఒంటరిగా ఫిరంగుల లెక్క చెప్పినవాడు, ఊళ్ళో గుర్రం కొనడానికి మాత్రం అర్హత లేనివాడు.

నాకు మా తాతయ్య చొక్కా లోపలి జేబు గుర్తొచ్చింది ఇది చదివినప్పుడు.

ఇంకా ఉంది. మిగతా సైనికులకి తమ హక్కులేమిటో చెప్పడానికి వెటరన్స్ శాఖలో సలహాదారులు ఉండేవాళ్ళు. రిజర్వు వాళ్ళ ఫైలు మాత్రం వేరే శాఖకి, ఏజెంటు దగ్గరికి వెళ్ళేది. ఆయనకి తెలిస్తే చెప్తాడు, లేకపోతే లేదు. రిజర్వు బయట భూమి కావాలంటే ఇండియన్ హోదా వదులుకోవాలని కొందరికి చెప్పారని తర్వాత కమిటీల ముందు సైనికులే సాక్ష్యం ఇచ్చారు. ప్రెయిరీల్లో, అంటే మన మానిటోబా వైపు మైదాన రాష్ట్రాల్లో, అయితే సొంత పొలంలో పండిన ధాన్యం, సొంత దొడ్డిలోని పశువు అమ్ముకోవడానికి కూడా ఏజెంటు పర్మిట్ కావాల్సి వచ్చేది. ఆ సెక్షన్‌ని వాడటం ఎప్పుడో మానేసినా, పుస్తకంలోంచి తీసేసింది 2014లో. తోటి సైనికులతో కూర్చుని సమాచారం తెలుసుకుందామంటే మాజీ సైనికులు కలుసుకునే లీజియన్ హాళ్ళలో మద్యం ఉంటుంది, ఇండియన్ యాక్ట్ ప్రకారం వీళ్ళకి మద్యం నిషేధం, కాబట్టి గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్ళు. ఏ పథకం ఎక్కడ అప్లై చెయ్యాలో సైనికులు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునే చోటు అదే.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంకా ఘోరం. అప్పుడు దాదాపు 4,000 మంది ఫస్ట్ నేషన్స్ యువకులు వెళ్ళారు, అర్హత ఉన్న మగవాళ్ళలో ఇంచుమించు మూడో వంతు. వాళ్ళు తిరిగొచ్చేసరికి, సైనికుల పునరావాసం పేరుతోనే ప్రెయిరీల్లో 85 వేల ఎకరాలకి పైగా రిజర్వు భూమిని తీసుకుని ఇతర సైనికులకి పంచారు. తాను పోరాడి వచ్చాడు. పక్కన పోరాడినవాడికి తన ఊరి భూమి ఇచ్చారు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. సైనికులకి జరిగిన అన్యాయం ఒక సమస్య, స్వపరిపాలన ఇంకో సమస్య అని పార్లమెంటు వేరువేరు కమిటీలు వేసి వేరువేరు రిపోర్టులు రాసింది. రెండూ చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, అది ఒకటే సమస్య. సైనికుడికి డబ్బు తక్కువ రావడం పై సంగతి. ఆయనకీ ఆయన డబ్బుకీ మధ్యలో, ఆయన ఊరికీ ఆ ఊరి నిర్ణయాలకీ మధ్యలో అదే ఏజెంటు కూర్చున్నాడు. అదే కుర్చీ, అదే కలం.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఆ సైనికులకి అప్పుడే తెలుసు. ఫ్రాన్సిస్ పెగమగాబో అని ఒకాయన. జార్జియన్ బే దగ్గర ప్యారీ ఐలాండ్ మనిషి, ఓజిబ్వే. 1914 ఆగస్టులోనే, అంటే యుద్ధం ప్రకటించగానే చేరాడు. మిలటరీ మెడల్ మూడుసార్లు గెలిచాడు. మొత్తం కెనడా సైన్యంలో అలా గెలిచినవాళ్ళు నలభై మంది కూడా లేరు. తిరిగొచ్చి 1921లో తన బ్యాండ్‌కి నాయకుడయ్యాడు. భూముల గురించి, దీవుల గురించి, డబ్బు లెక్కల గురించి శాఖకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1933లో శాఖ ఒక ఆదేశం ఇచ్చింది, ఇకమీదట నాయకుల ఉత్తరాలు నేరుగా తీసుకోం, అన్నీ ఏజెంటు ద్వారానే రావాలి అని. ఏజెంటు మీద ఫిర్యాదు కూడా ఏజెంటు చేతికే ఇవ్వాలన్నమాట. పెగమగాబో ఊరుకోలేదు. మన ప్రభుత్వం మనకి ఉండాలి అనే ఉద్యమంలోకి వెళ్ళాడు. 1943లో నేటివ్ ఇండిపెండెంట్ గవర్నమెంట్ అనే సంస్థకి ముఖ్య నాయకుడయ్యాడు. దాని పేరులోనే గవర్నమెంట్ ఉంది చూడండి. మంచి పథకం ఇప్పించండి అని కాదు, మా ప్రభుత్వం మాకుంది అని.

అంతకంటే ముందు, 1919లోనే ఫ్రెడరిక్ లాఫ్ట్ అనే మోహాక్ జాతి లెఫ్టినెంటు యుద్ధం నుంచి వచ్చి లీగ్ ఆఫ్ ఇండియన్స్ స్థాపించాడు. దేశమంతటా ఆదివాసీల్ని ఒక్కతాటి మీదకి తేవడానికి చేసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. శాఖ పెద్దలు ఆయన ఇండియన్ హోదా తీసేసి నోరు మూయించాలని చూశారు. ఆయన సొంత ఊరు సిక్స్ నేషన్స్‌లో 1924లో పోలీసులు వచ్చి తరతరాల పెద్దల సభని పక్కకి తప్పించి, శాఖ చెప్పిన పద్ధతిలో ఎన్నిక పెట్టించారు. ఆ ఊరి నుంచే కదా అంతమంది యుద్ధానికి వెళ్ళింది.

ఇక పార్లమెంటు చేసిన అధ్యయనాల్లో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది 1983 నాటి రిపోర్టు మీద. దాన్ని పెనర్ రిపోర్టు అంటారు. కీత్ పెనర్ అని ఉత్తర ఒంటారియో ఎంపీ అధ్యక్షుడు. 1982లో రాజ్యాంగంలో 35వ సెక్షన్ వచ్చింది, ఆదివాసీ హక్కుల్ని, ఒప్పంద హక్కుల్ని గుర్తిస్తున్నాం అని. మా చెల్లెలు పలికిన వాక్యం అక్కడి నుంచి వచ్చిందే. గుర్తించారు సరే, ఆ హక్కుల్లో స్వపరిపాలన ఉందా లేదా? దాన్ని చూడటానికి ఈ కమిటీ వేశారు. 1946లో ఆదివాసీల్ని కమిటీలో కూర్చోనివ్వలేదు, సాక్షులుగా మాత్రం రానిచ్చారు. ఈసారి రాబర్టా జేమీసన్ అనే మోహాక్ న్యాయవాదిని కమిటీతో పాటే కూర్చోబెట్టారు. ఎంపీ కాని మనిషిని అలా కామన్స్ కమిటీలో కూర్చోబెట్టడం అదే మొదటిసారి. ఆవిడ బల్లకి ఇటువైపు కూర్చుని ప్రశ్నలు అడిగింది. ఆ ఒక్క మార్పుతో రిపోర్టు భాషే మారిపోయింది అని నా నమ్మకం.

అన్ని పార్టీల సభ్యులూ ఏకగ్రీవంగా ఏం రాశారంటే, ఫస్ట్ నేషన్స్ ప్రభుత్వాలు ఈ దేశంలో ఒక ప్రత్యేక అంచె. ఫెడరల్ ఒకటి, రాష్ట్రాలు ఒకటి, వీళ్ళది ఇంకొకటి. వాళ్ళ డబ్బు వాళ్ళకి నేరుగా ఇవ్వండి, ప్రతి పద్దుకీ శాఖ అనుమతి పెట్టకండి. లెక్క తమ ప్రజలకి తాము చెప్పుకుంటారు. ఆ శాఖనే దశలవారీగా ఎత్తెయ్యండి. అంటే, ఆ కుర్చీ తీసెయ్యండి అన్నారు. 1984లో ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది, ఎన్నికలొచ్చి అది మురిగిపోయింది. తర్వాత వచ్చిన రాజ్యాంగ సమావేశాలు తేలకుండా ముగిశాయి. 1990లో మన మానిటోబా శాసనసభలోనే ఎలైజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు చేతిలో గరుడ ఈక పట్టుకుని కూర్చుని, మమ్మల్ని అడగకుండా రాజ్యాంగం మారుస్తారా అని మీచ్ లేక్ ఒప్పందానికి అడ్డం పడ్డాడు. ఆ కథ మీలో పాతవాళ్ళకి తెలుసు.

సైనికుల మీద రిపోర్టులు ఆ తర్వాత వచ్చాయి. సెనేట్ కమిటీ 1995లో ఒకటి ఇచ్చింది, యుద్ధాలయ్యాక ఆదివాసీ సైనికుడికి ఏం జరిగిందని. ఆ సంవత్సరం దాకా నవంబర్ 11న ఆటవాలోని జాతీయ యుద్ధస్మారకం దగ్గర ఆదివాసీ సైనికులకి తమ తరఫున పుష్పగుచ్ఛం పెట్టే చోటే లేదు. 2001లో ఆటవాలో వాళ్ళకి సొంత స్మారకం కట్టారు. 2002లో ప్రభుత్వం ఒక్కో ఫస్ట్ నేషన్స్ మాజీ సైనికుడికి, లేదా బతికున్న భార్యకి, 20,000 డాలర్ల దాకా ఇస్తామంది. అప్పటికి ఎంతమంది మిగిలారు? చాలామంది 80 దాటినవాళ్ళు. మేటీ సైనికుల్ని అందులో కలపలేదు. వాళ్ళకి క్షమాపణ 2019 సెప్టెంబర్‌లో రెజైనాలో చెప్పారు. 1945 నుంచి 74 ఏళ్ళు. నలభై ఐదులో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ మాట వినాలంటే తొంభై నాలుగేళ్ళు బతకాలి.

అదే 2019లో కామన్స్ వెటరన్స్ కమిటీ ఇంకో రిపోర్టు ఇచ్చింది. ఇది పాత లెక్కలతో ఆగలేదు, ఇప్పుడు సైన్యంలో ఉన్నవాళ్ళ సంగతి కూడా చూసింది. ఉత్తరాదిలో కెనడియన్ రేంజర్లు ఉంటారు. ఐదు వేల మంది దాకా. మంచు మీద స్నోమొబైల్ వేసుకుని దేశపు కొస కాపలా కాసేది వాళ్ళే. చాలామంది ఇనుయిట్, ఫస్ట్ నేషన్స్ వాళ్ళు. విమానం తప్ప దారి లేని ఊళ్ళో ఉన్న మనిషికి దెబ్బ తగిలితే, మనసు బాగోకపోతే ఎవరు చూస్తారు? ఏ భాషలో మాట్లాడతారు? ఫారాలు ఎవరు నింపిపెడతారు? ఇవీ ప్రశ్నలు. మళ్ళీ అక్కడికే వచ్చాం కదా. ఆ సేవ ఊరి చేతిలో ఉండాలా, దూరాన ఏదో ఆఫీసులో ఉండాలా?

ఊరి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో చూడటానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. బ్రాండన్ దగ్గర సూ వ్యాలీ డకోటా నేషన్ ఉంది. ప్రెయిరీల్లో స్వపరిపాలన ఒప్పందం అమల్లోకి వచ్చిన మొదటి ఊరు అదే. 2014 జులై 1న వచ్చింది. 1990ల మొదట్లో మొదలుపెట్టిన చర్చలు, అంటే ఇరవై ఏళ్ళకి పైనే పట్టింది. చర్చలు మొదలైన రోజు పుట్టిన పిల్ల, ఆఖర్న ఓటు వేసే వయసుకి వచ్చేసింది. ఇప్పుడు ఆ ఊరికి ఇండియన్ యాక్ట్‌లోని చాలా భాగం వర్తించదు. తమ భూమి, తమ ఎన్నికలు, తమ బళ్ళు ఇలాంటి ఎన్నో విషయాల్లో తామే చట్టం చేసుకోవచ్చు. పసిఫిక్ తీరాన నిస్గా వాళ్ళు 2000లోనే ఇలాంటి ఒప్పందం తెచ్చుకున్నారు. దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల భూమి, సొంత శాసనసభ. దేశమంతటా ఇలాంటి ఒప్పందాలు పాతిక దాకా ఉన్నాయి. కానీ ఫస్ట్ నేషన్స్ 630కి పైన. ఆ తేడా మీరే చూసుకోండి.

2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. తమ పిల్లల సంరక్షణ మీద చట్టాలు చేసుకునే అధికారం ఆదివాసీలకి ఉందని 2019లో పార్లమెంటు చేసిన చట్టం చెల్లుతుంది అని. పిల్లల్ని బలవంతంగా తీసుకుపోయిన దేశం ఇది. ఆ పిల్లల్లో టామీ ప్రిన్స్ లాంటివాళ్ళూ ఉన్నారు. అందుకే నాకు ఆ తీర్పు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఇంకో సంగతి, 2023 నుంచి మన మానిటోబా ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, వాబ్ కెన్యూ ఫస్ట్ నేషన్స్ మనిషి. ఒక రాష్ట్రానికి ఫస్ట్ నేషన్స్ వ్యక్తి ప్రీమియర్ కావడం అదే మొదలు. 1960 దాకా హోదా వదులుకుంటే తప్ప, వాళ్ళలో చాలామందికి ఫెడరల్ ఓటు లేదు.

నన్ను కొందరు అడుగుతుంటారు, స్వపరిపాలన ఇస్తే అక్కడ అవినీతి జరగదా, అనుభవం లేదు కదా అని. మన ఇళ్ళలో, టీ తాగుతూ, ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. మనకి స్వాతంత్ర్యం ఇవ్వకూడదని ఇంగ్లీషువాళ్ళు చెప్పిన మాట సరిగ్గా ఇదే. తప్పులు జరుగుతాయి, మన పంచాయతీల్లో జరగట్లేదా? కానీ ఆ సర్పంచిని దించే హక్కు ఆ ఊరికుంది. ఏజెంటుని దించే హక్కు ఎవరికీ ఉండేది కాదు. నూరేళ్ళు ఆ ఏజెంటు దగ్గర డబ్బు పెట్టి చూశారు కదా, ఏం జరిగిందో ఈ రిపోర్టుల్లో ఉంది.

అమ్మాయ్, నీ ప్రశ్నకి నేను తెలుసుకున్న జవాబు ఇది. నువ్వు పాటిస్తానని ఒట్టేసిన హక్కుల్లో ఒకటి ఆ సంతకం. అది వాళ్ళది.

నవంబర్ 8 ఆదివాసీ సైనికుల దినం. అది 1994లో మన విన్నిపెగ్‌లోనే మొదలైంది. టామీ ప్రిన్స్ సమాధి బ్రూక్‌సైడ్ శ్మశానంలో, సైనికుల భాగంలో ఉంది. ఆయన్ని అక్కడికి తెచ్చిన రోజు ఐదు వందల మందికి పైగా వచ్చారట. ఈసారి నేనూ మా చెల్లెలూ పొద్దున్న పదింటికి గేటు దగ్గర ఉంటాం. రావాలనుకున్నవాళ్ళు రండి, పిల్లల్ని తీసుకురండి, మంచి బూట్లు వేసుకోండి. పువ్వులు తేవచ్చా అని ఒక అనిషినాబే పెద్దాయన్ని అడిగాను, ఓజిబ్వే వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరది. తెచ్చుకోండి, కానీ మా పద్ధతిలో అయితే ఒక చిటికెడు పొగాకు పెడతాం అన్నారు. మా తాతయ్య చుట్టల వాసన గుర్తొచ్చింది. పొగాకు నేను తెస్తాను.